తాడు లాగినవాళ్ళకు థాంక్స్

జూన్ 12

వదినా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి, ఈ పిల్లకి మతి పోయిందా అనుకుంటున్నావా? ఫోన్ తీశానంటే కింది వాటాలోంచి అన్నయ్య మెట్లెక్కి వచ్చేస్తాడు. "ఎవరు, మీ వదినేనా?" అంటూ పక్కనే నిలబడతాడు. తీరా చేతికిస్తే "ఆ... ఊ... సరే" అని మూడు ముక్కలు మాట్లాడి తిరిగి నాకిచ్చేస్తాడు. ఇది అన్నయ్య సంగతి, తను వినకూడదు. అందుకే ఉత్తరం.

మా వైస్ చాన్సలర్ గారు పోయిన నెల ఏదో కార్ల ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్ళారు. వెళ్ళినాయన వేరు, తిరిగొచ్చినాయన వేరు. అందరినీ హాల్లో కూర్చోబెట్టి, "ఈ ఏడాదినుంచి మన విశ్వవిద్యాలయం లీన్ పద్ధతిలో నడుస్తుంది. వృథా అన్నది ఎక్కడా కనబడకూడదు" అన్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. "దీని గురించి ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. మా రిజిస్ట్రార్ గారు లేచి, "మా డిప్యూటీ రిజిస్ట్రార్ గారి వదిన ఫ్యాక్టరీలో పనిచేస్తారండి" అన్నారు. అంతే, అది నా నెత్తిన పడింది. నువ్వు వాషింగ్ మెషీన్లు చేయిస్తావు కనక నేను విశ్వవిద్యాలయాన్ని ఉతకాలట!

ఈ రిజిస్ట్రార్ గారిని మేం చాటుగా చూద్దాంగారు అంటాం. ఏ కాగితం పెట్టినా "చూద్దాం" అంటారు. చూస్తూనే ఉంటారు. పట్టా కోసం పిల్లలు పెట్టిన అర్జీలు ఆయన బల్ల మీద పండి రాలడమే తప్ప కదలవు.

అది నవ్వులాట. ఇది కాదు. పిల్లలు తక్కువగా చేరే క్లాసులన్నీ వృథా కిందికి వస్తాయట. ఆ జాబితాలో మొట్టమొదటిది అన్నయ్య చెప్పే సంభావ్యత క్లాసు. చేరినవాళ్ళు తొమ్మిదిమంది, వచ్చేది నలుగురు, మేలుకుని ఉండేది ఒక్కరు. సెప్టెంబరులో వైస్ చాన్సలర్ గారు స్వయంగా వచ్చి, క్లాసులో కూర్చుని, ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తారు. ఎవరైనా ఈ కొత్త పద్ధతిని తమ క్లాసులో ప్రయత్నిస్తే దాన్ని కాస్త దయగా చూస్తారట.

నాకు భయంగా ఉంది వదినా. నువ్వు కొత్త ఫ్యాక్టరీకి బదిలీ అయి వెళ్ళిన ఈ రెండేళ్ళలో అన్నయ్యకి మిగిలిందల్లా ఆ క్లాసూ, మీ మంచం మీది ఆ గళ్ళ దుప్పటీ. క్లాసు కూడా పోతే మనిషి ఏమైపోతాడు? నాలుగు మంచి ముక్కలు చెప్పు, ఎక్కడ మొదలెట్టను?

నీ లోకువ మరదలు

జూన్ 21

ఆడపడుచుగారి దివ్యసముఖానికి,

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు పెద్దలు. పూర్తి మొగుడు రెండేళ్ళలో రాసినవన్నీ కలిపినా ఈ అర్ధమొగుడు రాసిన ఒక్క ఉత్తరమంత పొడుగు లేవు. బతికించావు తల్లీ.

ముందు నీ బుర్రలోంచి ఒక మాట తీసెయ్యి. వృథా అంటే మనుషులు తక్కువ ఉండటం కాదు. ఎవరికీ అక్కరలేని పని చెయ్యడం వృథా. అక్కర ఉన్నవాళ్ళు ఎదురుచూస్తూ కూర్చోవడం అన్నిటికన్నా పెద్ద వృథా. మా దగ్గర కొత్తవాళ్ళకి మొదటిరోజు ఇదే చెబుతాను. మీ వైస్ చాన్సలర్ గారు కార్లు చూసి ఉంటారు కాని ఈ మాట విని ఉండరు.

నువ్వు చెయ్యాల్సినవి చెబుతాను. ఒక పట్టా అర్జీ పట్టుకుని, అది ఎక్కడెక్కడికి వెళితే అక్కడికల్లా దాని వెంట నువ్వూ నడువు. కాళ్ళు నొప్పెట్టినప్పుడు అర్థమవుతుంది. తర్వాత ఎర్ర చీటీలు. వాడకంలో లేని వస్తువు కనబడితే ఒక ఎర్ర చీటీ అంటించు. రెండు వారాల్లో "ఇది నాది, నాకు కావాలి" అని ఎవరూ రాకపోతే దాన్ని బయట పెట్టెయ్యి.

ఇంకొకటుంది, అది తాడు. మా లైను పొడుగునా తలలమీదుగా ఒక తాడు కట్టి ఉంటుంది. ఎవరికి ఎక్కడ తప్పు కనబడినా లాగొచ్చు. నిన్న చేరిన కుర్రాడైనా సరే. లాగితే ఐస్‌క్రీం బండి పాటలాంటిది ఒకటి మోగి లైను మొత్తం ఆగిపోతుంది. అప్పుడు లైను ఇన్‌చార్జి, అంటే నేను, పరుగెత్తుకు వెళ్ళి ముందు "థాంక్స్" చెప్పాలి. కొంపలంటుకున్నా సరే, ముందు థాంక్స్. తర్వాత "ఎందుకు?" అని అయిదుసార్లు అడగాలి. మొదటి ఎందుకుకి వచ్చే జవాబు పైపై జవాబు. అయిదోదానికి గాని అసలుది బయటికి రాదు. కాని తాడు జోలికి నువ్వు వెళ్ళకు. అది కట్టడానికి తాడు చాలదు, గుండె కావాలి.

చివరగా ఒక నిజం చెబుతాను, కోప్పడకు. ఈ విషయంలో నన్ను పూర్తిగా నమ్మొద్దు. ఆ క్లాసు పోతే మీ అన్నయ్యగారు పెట్టె సర్దుకుని ఇక్కడికి వచ్చేస్తారు కదా అని నీ ఉత్తరం చదువుతుంటే నాకు నోరూరింది. నా క్వార్టర్సులో రెండు గదులు. ఒకదాంట్లో నేనుంటాను, రెండోదాంట్లో నా చెప్పులుంటాయి.

అయితే రమ్మని నేను అడగను. అడిగితే వచ్చేవాడు వేరు, రావాలనిపించి వచ్చేవాడు వేరు. వచ్చాక ఈయన ఏ రకమో నాకు తెలియాలి.

అర్ధమొగుడికి పూర్తి వదిన

జూలై 6

వదినమ్మా,

నవ్వకుండా చదువుతానని ప్రమాణం చేసి చదువు.

ఎర్ర చీటీలు అంటించాను. మొదటిరోజే కాళ్ళులేని స్టూళ్ళు, అక్షరాలు రాలిపోయిన టైపు మిషన్లు, జంతుశాస్త్రం వాళ్ళ గదిలో గడ్డి కూరిన గుడ్లగూబ ఒకటి బయటపడ్డాయి. ఇన్నేళ్ళూ ఆ గుడ్లగూబ మొహం ఎవరూ చూడలేదు. చీటీ అంటించీ అంటించగానే మూడు శాఖలవాళ్ళు వచ్చి "అది మాది" అంటే "మాది" అని కొట్టుకున్నారు. ఇప్పుడు దానికి విడిగా ఒక ఫైలు తెరిచారు. వృథా తగ్గించమంటే ఫైలు పెరిగింది.

అంతటితో ఊరుకున్నారా? పిల్లలు ఎక్కడినుంచో ఎర్ర కాగితాలు సంపాదించారు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి స్టాఫ్ రూములో నిద్రపోయే పెద్ద మాస్టారు లేరూ, ఆయన భుజానికి ఎవరో ఒక చీటీ అంటించారు. ఆయన లేచి, కళ్ళజోడు పెట్టుకుని చదువుకుని, చేతికర్ర పుచ్చుకుని నా గదిదాకా నడిచొచ్చారు. "అమ్మాయ్, నేను వాడుకలోనే ఉన్నాను. సంతకం ఎక్కడ పెట్టమంటావు?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఆయన మాత్రం సంతకం పెట్టి చాలా హుషారుగా వెళ్ళారు. చూద్దాంగారి తలుపుకీ ఒకటి పడింది. దాన్ని చూసి ఆయన ఏమన్నారో నేను రాయక్కర్లేదు.

ఇక అసలు సంగతి. నువ్వు వద్దన్న పనే చేశాను. నిండా మునిగాక చలేమిటి! వేరే ఏ మాస్టారూ తమ క్లాసులో తాడు కట్టనివ్వలేదు. అన్నయ్య ఒక్కడే "సరే" అన్నాడు. తను దేనికైనా సరే అంటాడని నీకు తెలుసు కదా. బట్టలారేసే తాడు ఒకటి కొని వెనక బెంచీ నుంచి బోర్డుదాకా కట్టించాను. చివర మూలన పడి ఉన్న ఇత్తడి గంట వేలాడదీశాను. అర్థం కానివాళ్ళు లాగండి అన్నాను.

మొదటిరోజు ఎవరూ లాగలేదు. రెండోరోజు గుండుపిన్ను లాగింది. సన్నగా పొడుగ్గా ఉండి పెద్ద ముడి వేసుకుంటుంది కనక అందరూ ఆ పిల్లని అలాగే పిలుస్తారు. గంట ఖణేల్మంది. అన్నయ్య చేతిలో సుద్దముక్క విరిగింది.

"మాస్టారూ, వెనక చెప్పింది అర్థం కాలేదండీ."

"ఎంత వెనకది?"

"మొదటిరోజు చెప్పిందండీ."

అన్నయ్య ఆ పిల్లని చూశాడు, తాడును చూశాడు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు. పుస్తకం మూసి ఇంటికొచ్చేశాడు. ఇవాళ్టికి రెండు రోజులు, నాతో ఒక్క మాట లేదు. మందలించకుండా ఏదైనా దారి చెప్పు. నేను కట్టింది తాడు కాదు, మా అన్నయ్య కొంప ముంచే కొక్కెం అనిపిస్తోంది.

చేతులు కాల్చుకున్న మరదలు

జూలై 14

ఓసి నా పిచ్చి మరదలా,

టీ తాగుతూ చదివాను. గుడ్లగూబ దగ్గర టీ ముక్కులోంచి వచ్చింది. పెద్ద మాస్టారి దగ్గర మా ఫోర్‌మన్ వచ్చి "మేడం, ఇంట్లో అంతా క్షేమమేనా?" అని అడిగాడు.

మీ అన్నయ్యగారి సంగతి దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది. పదిమందిలో ఆయన్ని అలా కూలబడేలా చేశావా? ఇన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషి మొహాన మొదటిరోజునుంచీ అర్థం కాలేదు అంటే ఎంత నొచ్చుకుని ఉంటారు! ఆయన పైకి చెప్పే రకం కాదు.

నీకు చెబితే లాభం లేదని ఆయనకే విడిగా ఒక ఉత్తరం రాశాను. పెళ్ళాంగా రాస్తే ఏడుపొస్తుందని ఇన్‌చార్జిగా రాశాను. తాడు లాగితే ఏం చెయ్యాలో, మొహం ఎలా పెట్టాలో అన్నీ వరసగా. చివర ఒక్క ముక్క మాత్రం పెళ్ళాంగా రాశాను. అదేమిటని అడగకు, నీకు చెప్పను.

కొత్తల్లో మా లైనులోనూ తాడు లాగాలంటే అందరికీ భయమే. లాగినవాడిని ఒక్కసారి విసుక్కుంటే చాలు, ఇంకెవరూ ఆ తాడు ముట్టుకోరు. ఈ ముక్క ఆయనకి అర్థమైతే చాలు.

కంగారుపడుతున్న వదిన

ఆగస్టు 3

వదినా వదినా,

ముందు కూర్చో. మంచినీళ్ళు పక్కన పెట్టుకో.

నువ్వు అనుకున్నట్టు అన్నయ్య నొచ్చుకోలేదు. ఆ రెండు రోజులూ మాట్లాడనిది మొదటిరోజు పాఠం మళ్ళీ ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూనట! అది చెప్పడానికి కూడా నోరు పెగల్లేదు మహానుభావుడికి. మూడోరోజు గుండుపిన్ను ముందు నిలబడి, తాడు కట్టినప్పుడు నేను చెప్పిన నీ రూలు ప్రకారం, "థాంక్స్ అమ్మా" అన్నాడు. బెంచీలు మొత్తం గతుక్కుమన్నాయి. ఆ నోటినుంచి పిల్లలు ఆ మాట వినడం అదే మొదలు.

అప్పటినుంచి గంట మోగని గంట లేదు. లాగడం, థాంక్స్, ఎందుకు ఎందుకు ఎందుకు. తొమ్మిదిమందీ వస్తున్నారు. పక్క క్లాసులవాళ్ళు కిటికీల దగ్గర నిలబడుతున్నారు. పాఠం మాత్రం నత్తనడక. చూద్దాంగారు వచ్చి, "ఈ లెక్కన సిలబస్ వచ్చే ఏడాదికి కూడా పూర్తవదు" అని బెంగపడ్డారు. అన్నయ్య ఆయనకీ థాంక్స్ చెప్పాడు.

ఇప్పుడు కూర్చున్నావా? నీ ఉత్తరం వచ్చిన మర్నాడు దాన్ని అన్నయ్య క్లాసు గోడకి అంటించాడు. తాడు పక్కనే. నాలుగు మూలలా నాలుగు మేకులు కొట్టి మరీ. నేను చూసేసరికే విశ్వవిద్యాలయం సగం చదివేసింది. "తాడు లాగినవాళ్ళకు ముందు థాంక్స్ చెప్పండి. మొహం చిట్లించకండి, మీరు చిట్లిస్తే మీకు తెలియదుగాని అందరికీ తెలుస్తుంది" అన్నదాకా బాగానే ఉంది. కింద ఏముందో నీకు తెలుసు. "రాత్రిళ్ళు చలిగా ఉంటే ఆ గళ్ళ దుప్పటి కప్పుకోండి. ఇప్పుడది మొత్తం మీదే కదా, లాక్కునేవాళ్ళు లేరు."

వదినా, నేను తీసెయ్యబోయాను. అన్నయ్య తియ్యనివ్వలేదు. నిన్న వెనక బెంచీ కుర్రాడొకడు తాడు లాగి, "మాస్టారూ, ఒకే దుప్పటి ఇద్దరు లాక్కుంటూ ఉంటే తెల్లారేసరికి ఎవరిమీద ఉండే సంభావ్యత ఎంతండీ?" అని అడిగాడు. వాడు ఆటపట్టించడానికే అడిగాడు. అన్నయ్య "థాంక్స్, చాలా మంచి ప్రశ్న" అని బోర్డు తుడిచి గంటసేపు ఆ లెక్కే చేశాడు. బోర్డు చాలలేదు. ఒక్కళ్ళూ నిద్రపోలేదు.

కాళ్ళు పట్టుకుంటున్న మరదలు

ఆగస్టు 10

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. నా గుట్టు మేకులు కొట్టించుకుని మరీ గోడెక్కింది!

నా దుప్పటి సంగతి పిల్లలకి లెక్కయిందా? ఆయనకి అదొక పాఠమా? రెండు రోజులు ఆలోచించి, మూడుసార్లు చింపి, నాలుగోసారి ధైర్యం చేసి ఆ ఒక్క వాక్యం రాశాను. దానికి ఆయన జవాబు మేకులా? నవ్వులాటకి పెట్టారో, అది ఉత్తరమన్న సంగతే తెలియలేదో. రెండిట్లో ఏదైనా నాకు ఒకటే.

ఇకమీదట ఆయనకి ఒక్క ముక్క రాస్తే ఒట్టు. క్లాసు ఉంటే ఉండనీ పోతే పోనీ, నాకు సంబంధం లేదు. ఇక్కడ నాకు లక్ష పనులున్నాయి.

నీ మీద కోపం లేదు. కొంచెం ఉంది.

వదిన

తా.క. ఇంతకీ ఎవరిమీద ఉంటుందని తేల్చారు?

సెప్టెంబరు 5

కోపాల వదినకి,

నీ మీదే. ఎన్ని రకాలుగా లెక్కేసినా తెల్లారేసరికి దుప్పటి నీ మీదే ఉంటుందట. ఇది గణితం, మా అన్నయ్య తప్పేం లేదు.

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణముంది. పట్టా అర్జీ వెంట నడిచాను. నువ్వన్నట్టే కాళ్ళు నొప్పెట్టాయి. ఒక్క కాగితం మీద ఏడుగురు సంతకం పెట్టాలి, ఏడుగురూ నాలుగు భవనాల్లో ఉంటారు. అందుకని ఏడుగురినీ లైబ్రరీ వరండాలో ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాను, ఒక్క పూట ప్రయోగం అని చెప్పి. చేతిలోంచి చేతిలోకి కాగితం బంతిభోజనంలో వడ్డన సాగినట్టు సాగింది. ఏడో కుర్చీలో చూద్దాంగారు. కాగితం ఆయన ముందుకొచ్చింది, ఎదురుగా దాని తాలూకు పిల్లాడు నిలబడి ఉన్నాడు, అటూ ఇటూ ఆరుగురు ఆయన మొహమే చూస్తున్నారు. ఆయన "చూ..." అన్నారు. చుట్టూ చూశారు. సంతకం పెట్టేశారు! పిల్లాడు పట్టా పట్టుకుని ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, చూద్దాంగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇప్పుడు ఆ బల్ల అక్కడే ఉండిపోయింది. తియ్యడానికి వీల్లేదని ఆయనే అంటున్నారు.

ఇక అన్నయ్య. నువ్వు రాయడం మానేశావు. తను క్లాసుకి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ గేటు దగ్గర పోస్టు డబ్బా తెరిచి చూసి, మూసి, ఎవరైనా చూశారేమోనని దగ్గుతున్నాడు. మొన్న క్లాసులో ఒక లెక్క ఇచ్చాడు. "ఒకరు వారం వారం ఉత్తరం రాసేవారు. కొన్ని వారాలుగా రాయలేదు. వారికి తీరిక లేకపోయే సంభావ్యత ఎంత, కోపమై ఉండే సంభావ్యత ఎంత?" పిల్లలు లెక్క వెయ్యలేదు. గుండుపిన్ను లేచి తాడు లాగింది.

"థాంక్స్ అమ్మా. ఏమిటి?"

"మాస్టారూ, ఆవిడ ఎందుకు రాయడంలేదండీ?"

"కోపమొచ్చి ఉంటుంది."

"ఎందుకొచ్చిందండీ?"

"ఆ ఉత్తరం గోడకి అంటించాను కదా."

"ఎందుకంటించారండీ?"

అన్నయ్య సుద్దముక్క బల్ల మీద పెట్టాడట. తర్వాత, "మంచి ఉత్తరం వస్తే ఎవరికైనా చూపించుకోవాలనిపిస్తుంది. ఇంట్లో చూపించడానికి ఎవరూ లేరు" అన్నాడట. అంతలో పిరియడ్ అయిపోయింది. ఇంకా రెండు ఎందుకులు మిగిలిపోయాయి.

నాకు చూపించొచ్చుగా, నేను మేడమీదే ఉంటాను కదా అని ముందు నాకు ఒళ్ళు మండింది. తర్వాత కళ్ళు మండాయి. వదినా, నవ్వులాటకి కాదే. గొప్పకి అంటించుకున్నాడు.

పద్నాలుగున వైస్ చాన్సలర్ గారు క్లాసుకి వస్తున్నారు. ఆ సంగతి ఇప్పుడు అన్నయ్యకీ తెలుసు. నువ్వొక్క ముక్క రాస్తే ధైర్యంగా ఉంటాడు.

ఇద్దరి మధ్యా నలుగుతున్న మరదలు

సెప్టెంబరు 14

వదినా,

అన్నయ్య లేడు!

పొద్దున్నే కాఫీ తీసుకుని కిందికి దిగితే తలుపుకి తాళం. గుమ్మం దగ్గర చీటీ. "మూడు నాలుగు రోజుల్లో వస్తాను. మీ వదినకి చెప్పకు." చెప్పకు అన్నాడుగాని రాయకు అనలేదు కదా, అందుకని రాస్తున్నాను. ఎక్కడికో లేదు, ఎందుకో లేదు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా క్లాసు ఎగ్గొట్టని మనిషి సరిగ్గా ఇవాళే మాయమయ్యాడు. కిటికీలోంచి తొంగి చూశాను. పెట్టె అక్కడే ఉంది. మంచం మీద గళ్ళ దుప్పటి మాత్రం లేదు. మతి చలించిందా అని వీధి చివరిదాకా పరుగెత్తి చూసొచ్చాను.

వైస్ చాన్సలర్ గారు చెప్పిన వేళకి రానే వచ్చారు, వెంట చూద్దాంగారు. మాస్టారి కుర్చీ ఖాళీ. నేను నోట్లో ఏదో అబద్ధం నమిలాను. ఆయన వాచీ చూసుకుని, వెనక బెంచీలో కూర్చుని "మొదలెట్టండి" అన్నారు. ఎవర్ని మొదలెట్టమంటారు? నేను నేలవంక చూస్తున్నాను. సుద్దముక్క చప్పుడైతే తలెత్తి చూశాను. గుండుపిన్ను బోర్డు దగ్గరుంది.

దుప్పటి లెక్క, వదినా! కావాలనే అదే ఎత్తుకుంది. మధ్యలో ఒకడు తాడు లాగాడు. ఆ పిల్ల "థాంక్స్" అని వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పింది. అది చాలకపోతే ఇంకొకడు వచ్చి సాయం చేశాడు. కిటికీల దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికొచ్చి కింద కూర్చున్నారు. కాసేపటికి ఖణేల్మని గంట. చూస్తే తాడు వైస్ చాన్సలర్ గారి చేతిలో ఉంది!

"క్షమించాలి. ఆ మూడో గీత నాకర్థం కాలేదు" అన్నారు.

క్లాసు మొత్తం లేచి నిలబడి ఒక్క గొంతుతో "థాంక్స్ అండీ!" అంది. ఆయన మొహం చూడాల్సింది. బళ్ళో బహుమతి వచ్చిన పిల్లాడి మొహం. వెళ్ళేటప్పుడు గోడ దగ్గర ఆగి నీ ఉత్తరం కళ్ళజోడు సర్దుకుని చదివారు, దుప్పటిదాకా. "ఇది రాసిందెవరు?" అన్నారు. "మాస్టారి భార్యండీ" అన్నాను. "ఈ క్లాసు ఉంటుంది" అన్నారు. చూద్దాంగారు నోరు తెరిచారు. "సరే" అన్నారు. ఆ మాట ఆయన నోట విన్న సాక్షులు నలభైమంది ఉన్నారు.

క్లాసు నిలబడింది వదినా! కాని ఆ కబురు ఎవరికి చెప్పాలో ఆ మనిషే లేడు. మాస్టారు లేకుండానే నడిచిందని తెలిస్తే సంతోషిస్తాడా, చిన్నబోతాడా? నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. నీకేమైనా తెలిస్తే వెంటనే రాయి.

దిక్కుతోచని మరదలు

సెప్టెంబరు 16

మా బంగారు ఆడపడుచుకి,

ఈ ఉత్తరం తపాలాలో రాదు. రేపు బయల్దేరుతున్న మీ అన్నయ్యగారి చేతికే ఇస్తున్నాను. కవరు అతికించాను. అడిగినా చదవనివ్వకు. గోడకి అసలే అంటించనివ్వకు.

నీ అయిదో తారీఖు ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు పని మీద మనసు నిలిస్తే ఒట్టు. "ఇంట్లో చూపించడానికి ఎవరూ లేరు" అన్నారట. కోపం ఎటు పోయిందో తెలియదు. ఇన్నాళ్ళ బింకం పక్కనపెట్టి "రండి" అని ఒక్క మాట రాశాను. కవరులో పెట్టి చేతిసంచిలో వేసుకుని రోజూ ఫ్యాక్టరీకి మోసుకుపోతున్నాను, రోజూ వెనక్కి తెస్తున్నాను.

పద్నాలుగు పొద్దున లైను జోరుమీదుంది. ఉన్నట్టుండి ఆ ఐస్‌క్రీం పాట మోగింది. లైనంతా ఆగిపోయింది. డ్రమ్ములు బిగించే చోట ఏదో అయిందని పరుగెత్తాను. అక్కడ మా వాళ్ళంతా గుంపుగా నిలబడి ఉన్నారు. సందర్శకుల పసుపు గీత దాటొచ్చి, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చంకలో గళ్ళ దుప్పటి పెట్టుకుని, మీ అన్నయ్యగారు!

అమ్మడూ, నేను ముందు ఆ దుప్పటినే చూశాను. ఫోర్‌మన్ నా చెవిలో, "మేడం, థాంక్స్ చెప్పాలి" అన్నాడు. రూలు నేను పెట్టిందే. లైను లైనంతా నన్నే చూస్తోంది.

"థాంక్స్ అండీ" అన్నాను. "ఎందుకు లాగారు?"

"తప్పు కనబడింది. నువ్విక్కడ, నేనక్కడ."

"ఎందుకలా?"

"నేను రాలేదు కనక."

"ఎందుకు రాలేదు?"

"నువ్వు రమ్మనలేదు."

నాకు ఒళ్ళు మండింది. "నేనెందుకు రమ్మనలేదో తెలుసా?"

"నాకు క్లాసే ఎక్కువని అనుకున్నావు."

"ఎందుకనుకున్నానట?"

ఆయన దుప్పటి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. "కాదని నేనెప్పుడూ చెప్పలేదు కదా" అన్నారు.

అయిదూ అయిపోయాయి. డ్రమ్ములు బిగించే పిల్ల ముందు చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ. నేను ఏడుస్తూనే మీట నొక్కి లైను నడిపించాను. ఆ రోజు ఎందుకు ఆగిందన్న రిజిస్టరులో ఏం రాయాలని ఫోర్‌మన్ అడిగాడు. "తప్పు సరిచేయబడింది" అని రాయమన్నాను.

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఆయన ఇక్కడే ఉన్నారని ఫోన్‌లో నీకు ఒక్క ముక్కే చెప్పాను, మిగతాది ఇదీ. ఆయనకి చదివి వినిపించాను. పిల్లలే నడిపించారన్న చోట "మళ్ళీ చదువు" అన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు. చిన్నబోలేదులే, చిన్నపిల్లాడిలా అయిపోయారు. అప్పుడు అడిగాను. "పద్నాలుగునే వైస్ చాన్సలర్ గారు వస్తారని తెలుసు కదా, క్లాసు పోతే ఏం చేసేవారు? ఒక్కరోజు ఆగి రావచ్చుగా?" అని.

ఆయన ఏమన్నారో అలాగే రాస్తున్నాను. "ఆగితే ఏదో ఒకటి తేలిపోయేది. క్లాసు పోయాక వస్తే గతిలేక వచ్చాననుకుంటావు. నిలిచాక వస్తే తీరికగా వచ్చాననుకుంటావు. నేనెందుకు వచ్చానో నీకు అనుమానం ఉండకూడదంటే తేలకముందే రావాలి."

రెండేళ్ళుగా ఈయన ఏ రకమో తెలియాలని కాచుక్కూర్చున్నాను కదా. తెలిసింది. చేతిసంచిలోంచి ఆ కవరు తీసి ఇచ్చాను. చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. మేకులు అడగలేదు.

ఇప్పుడు నీ పని విను. ఈ సగం ఏడాది పాఠం పూర్తిచేసి జనవరినుంచి ఏడాది సెలవు పెడతారు, ఇక్కడ ఉండటానికి. ఆ ఏడాది అయ్యాక ఏం చెయ్యాలో ఇద్దరం కలిసి ఆలోచిస్తాం. ఆ ఏడాదంతా క్లాసు పెద్ద మాస్టారు చెబుతారు, వాడుకలోనే ఉన్నానని సంతకం పెట్టారు కదా! గుండుపిన్ను పక్కన ఉంటుంది. సెలవు చీటీ ఈ కవరులోనే ఉంది. దాన్ని మీ ఒకే బల్ల మీద పెట్టు. ఏడో కుర్చీ ముందు నువ్వే నిలబడు, ఆయన మొహమే చూస్తూ. ఇంతకాలం ఎదురుచూసింది చాలు, అన్నిటికన్నా పెద్ద వృథా అదేనని చెప్పిందాన్ని నేనే.

తాడు కట్టొద్దన్నాను. కట్టినందుకు థాంక్స్.

నీ పూర్తి వదిన

తా.క. బోర్డు మీది జవాబు నిజమే. దుప్పటి తెల్లారేసరికి నా మీదే ఉంది. ఆయనకి జలుబు చేసింది. తుమ్మినప్పుడల్లా "లెక్క సరిపోయింది" అని మురిసిపోతున్నారు.